స్క్వీజ్, క్రామ్, స్టఫ్, టక్: ఇన్నింటికీ 'దూర్చు' ఒక్కటేనా?

సభ్యులందరికీ నమస్కారం. ఒక ఇంగ్లీషు కథను అనువదిస్తున్న మిత్రులు నిన్న ఇక్కడ ఒక ప్రశ్న అడిగారు. స్క్వీజ్, క్రామ్, స్టఫ్, టక్, జామ్, వెడ్జ్ అనే క్రియలన్నింటికీ తమకు 'దూర్చు', 'ఇరికించు' అనే రెండు మాటలే తోస్తున్నాయనీ, తెలుగులో ఇంతకు మించి లేవా అనీ వారి సందేహం. మాటలు కావలసినన్ని ఉన్నాయి. అయితే ఇంగ్లీషు ఈ క్రియలను ఏ తేడాను బట్టి విడదీస్తుందో తెలుగు ఆ తేడాను బట్టి విడదీయదు కనుక ఒక్కో మాటకు ఒక్కో జత కుదరదు. ఇంగ్లీషు క్రియ ఎక్కువగా లోపలికి పోయే వస్తువునూ దానిమీద పడే బలాన్నీ చూస్తుందనీ, తెలుగు క్రియ ఆ వస్తువు వెళ్ళిన చోటు ఏమైందో చూస్తుందనీ నాకు అనిపిస్తుంది.

స్క్వీజ్‌నే తీసుకుందాము. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే సాయంకాలపు బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దగ్గర ఒక పెద్దావిడ నిలబడి, "రవ్వంత సర్దుకోండమ్మా" అంటుంది. కిటికీ పక్కనున్నావిడ సంచిని ఒళ్ళోకి తీసుకుంటుంది, మధ్యలో ఉన్న పిల్లవాడు తల్లి తొడమీదికి ఎక్కుతాడు, ఇవతలి మనిషి ఒక పక్కకు ఒరుగుతాడు, నాలుగో మనిషికి జానెడు చోటు ఏర్పడుతుంది. ఇదే సంఘటనను ఇంగ్లీషులో చెబితే స్క్వీజ్ అయినది వచ్చి కూర్చున్న పెద్దావిడ. తెలుగులో సర్దుకున్నది ముందే కూర్చున్న ముగ్గురు. అంటే అనువాదంలో క్రియతో పాటు కర్త కూడా మారాలి. అలా మార్చకుండా 'ఆమె వారి మధ్య దూరి కూర్చుంది' అని రాస్తే, అడగకుండా జొరబడిందన్న నింద ఆమెమీద పడుతుంది, మూలంలో ఆ నింద లేదు. తీరికలేని వైద్యుడు రోగిని ఇద్దరి మధ్య స్క్వీజ్ చేసి చూస్తానంటే, మనవాళ్ళు 'ఎట్లాగో సర్దుబాటు చేస్తాను' అంటారు. అవసరానికి వెయ్యి రూపాయలు సర్దమని అడిగినప్పుడు కూడా ఉన్నదానిలోనే కొంత చోటు చేయమని అడుగుతున్నట్టే నాకు వినిపిస్తుంది.

స్టఫ్, క్రామ్ అనే రెండింటినీ ఒకటిగా చూడడమే మిత్రుల అనువాదంలో నాకు బాధ కలిగించిన చోటు. మా అమ్మ గుత్తివంకాయ చేసేటప్పుడు లేత కాయను తొడిమ తెగకుండా అడుగునుంచి నాలుగు పాయలుగా చీల్చి, వేరుసెనగల పొడీ ఎండుమిరపకారమూ చింతపండు గుజ్జూ కలిపిన ముద్దను బొటనవేలితో కొంచెం కొంచెంగా లోపలికి నెట్టి, పాయలను మళ్ళీ దగ్గరికి తెచ్చి పట్టుకునేది. ఆ పని పేరు 'కూరడం'. ముద్ద కోసమే చోటును తెరిచారు, ముద్ద అందులో ఒదిగింది, కాయ రూపం చెడలేదు. స్టఫ్ వంటింట్లో ఉన్నంతవరకు దానికి సరైన తెలుగు ఇదే. క్రామ్‌లో చోటుమీద ఆ దయ లేదు. మడతపెట్టకుండా బట్టలను సంచిలో 'కుక్కుతారు', తిననని మొరాయించే పిల్లవాడి నోట్లో అన్నం 'కుక్కుతారు'. సంచి కుట్లు పిగిలినా, పిల్లవాడికి పొలమారినా లెక్కలేదు. మిత్రులు 'మసాలా కుక్కిన కోడి' అని రాశారు. దానిని 'మసాలా కూరిన కోడి' అని దిద్దితే ఆ వంటచేసిన మనిషి స్వభావం కూడా సరిగా తెలుస్తుంది.

టక్‌కు మన దగ్గర ఒక చిన్న కుటుంబమే ఉంది. చీర కుచ్చిళ్ళు బొడ్డు దగ్గర దోపుకుంటారు, చిల్లర డబ్బులు రొంటిన దోపుకుంటారు, పూలు జడలో తురుముకుంటారు. వీటన్నిటిలో చోటుకు సహజంగా ఉన్న బిగువే వస్తువును పట్టి ఉంచుతుంది, మెల్లగా లాగితే వచ్చేస్తుంది. తిరుమలలో పూలన్నీ స్వామివేనన్న ఆచారం ఉన్నందువల్ల, తిరుపతిలో మల్లెలు తురుముకున్నవారు కొండకు బయలుదేరేటప్పుడు వాటిని తీసివేస్తారు. తురిమినది కనుకనే అంత తేలికగా వస్తుంది. కాబట్టి కథలో అవ్వ ఉత్తరాన్ని నడుము దగ్గర 'ఇరికించుకుంది' అనడం సరికాదు, ఆమె దానిని 'దోపుకుంది'.

జామ్‌కు మాత్రం 'ఇరుక్కొను' చక్కగా సరిపోతుంది: తలుపు సందులో వేలు, ప్రింటరులో కాగితం. వెడ్జ్‌కు ఒక్క మాట వెతకనక్కరలేదు. పార పిడి వదులైతే సందులో సన్నని చెక్కముక్కను కొట్టి 'బిగిస్తాము'. ఇక్కడ తెలుగు చెక్కముక్కను వదిలి పిడి సంగతి చెబుతుంది. షూహార్న్ అనేది మడమ బూటులోకి జారడానికి వాడే సాధనం, పూర్వం కొమ్ముతో చేసేవారు. కథలో అక్కరలేని సన్నివేశాన్ని పెట్టారని ఆ మాటతో నిందించినప్పుడు మనకు 'చొప్పించారు' లేదా 'ఇరికించారు' చాలు. అయితే మనిషి విషయంలో 'ఇరికించారు' అంటే చేయని నేరం అంటగట్టారన్న అర్థం వెంటనే వస్తుంది కాబట్టి అక్కడ జాగ్రత్త అవసరం.

చిత్తూరు నుంచి ఒక సభ్యురాలు కింద మంచి మాట గుర్తుచేశారు. తమిళం కూడా మాట్లాడే తమ ఇంట్లో దోపడాన్ని 'సెరుగు' అనీ, కుక్కడాన్ని 'తిణి' అనీ అంటారట. ఆ రెండవ మాట నుంచే, ఇష్టంలేనివారికి ఒక భాషను అంటగట్టడాన్ని తమిళులు 'తిణిప్పు' అంటారు. అదే సంగతికి మనం 'రుద్దడం' అంటాము, లోపలికి కుక్కినట్టు కాక పైన పులిమినట్టు. మిత్రుల కథలో బడిపిల్లలమీద పరాయి భాషను క్రామ్ చేసే వాక్యం ఒకటి ఉంది. అక్కడ 'కుక్కారు' అన్న మాటను తీసివేసి 'రుద్దారు' అని రాయమని నా మనవి.