ఆదివారం పోకెమాన్ ఆటల్లో బ్లిస్సీని ఆపాలా, ఉంచాలా? మీ మాట చెప్పండి

గడియారం సెంటర్:

అందరికీ నమస్తే. నల్లగొండలో మేము ఎనిమిది మందిమి ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక దోస్తు ఇంటి మేడ మీద చేరి పోకెమాన్ షోడౌన్ ఆడుకుంటాం. బ్రౌజర్‌లో ఉచితంగా నడుస్తుంది, ఫోన్ ఉంటే చాలు. మాకు నచ్చింది నాలుగో తరం ఆట, అంటే డైమండ్, పర్ల్, ప్లాటినం కాలం నాటిది. ఒక్కొక్కరికి ఆరు పోకెమాన్లు, బరిలో ఒకదానికి ఒకటి. ఒక్కసారి ఓడితే ఆ రోజుకు అంతే.

మొన్న ఆదివారం ఒక సెమీఫైనల్ 143 టర్న్‌లు నడిచింది. గంటా పది నిమిషాలు. ఒక పక్క బ్లిస్సీ, దానికి తోడు స్కార్మరీ. రెండూ దెబ్బలు తట్టుకుని గోడలా నిలబడే పోకెమాన్లు. ఎదుటివాడు కొడుతూనే ఉన్నాడు, బ్లిస్సీ మళ్లీ నిండుతూనే ఉంది. రెండో సెమీఫైనల్ ఎప్పుడో గెలిచి కూర్చున్న తమ్ముడిది దేవరకొండ. చివరి బస్సు పోతుందని ఫైనల్ ఆడకుండానే లేచాడు. మెట్లు దిగుతూ "వచ్చే వారం నేను రాను అన్నా" అన్నాడు. ఆ మాట నన్ను రాత్రంతా పట్టుకుంది.

ఇప్పుడు గ్రూపులో సగం మంది బ్లిస్సీని తీసేయమంటున్నారు, సగం మంది ఒప్పుకోవడం లేదు. ఆటలు పెట్టేది నేను కాబట్టి నిర్ణయం నామీద పడింది. రెండు వైపులా వినాలనుకుంటున్నా. గట్టిగా చెప్పండి, కానీ తిట్టుకోవద్దు.

మిర్యాలగూడ మిల్లు:

తీసేయాలి. ఆ సెమీఫైనల్‌లో ఓడింది నేనే, అందుకే మొదట నేనే రాస్తున్నా.

లెక్క చూడండి. పూర్తిగా పెంచిన బ్లిస్సీకి లెవెల్ 100లో 714 హెచ్‌పీ, అంటే ప్రాణశక్తి. ఈ తరంలో అంత హెచ్‌పీ ఇంకో దానికి లేదు. హెచ్‌పీ నింపుకునే సాఫ్ట్‌బాయిల్డ్ ఒక్కసారి నొక్కితే 357 తిరిగొస్తుంది. అలా 16 సార్లు నొక్కొచ్చు. లెఫ్టోవర్స్ అనే వస్తువు చేతిలో ఉంటే టర్న్‌కు మరో 44. విషం ఎక్కించినా, కాల్చినా, పక్కకు తప్పుకుంటే చాలు, నాచురల్ క్యూర్ అనే దాని సహజ గుణంతో అన్నీ పోతాయి. నేను పది టర్న్‌లు కష్టపడి చేసిందాన్ని ఒక్క బటన్‌తో తుడిచేస్తుంటే, నేను ఆడుతున్నట్టా, కూర్చున్నట్టా?

మా ఊళ్లో సంక్రాంతికి కబడ్డీ ఆడతాం. ప్రో కబడ్డీలో రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. పాయింట్ తేకపోతే కూతగాడు ఔట్. ఎందుకు పెట్టారు ఆ రూల్? చూసేవాళ్లకు విసుగు రాకూడదని, ఆట ముందుకు కదలాలని. మన దగ్గర కూడా ఆటను కదలనివ్వని దాన్ని ఆపడం తప్పు కాదు.

పానగల్లు కట్ట:

ఆ బ్లిస్సీ నాదే. తమ్మీ, నీ బాధ నాకు అర్థమైంది. ఆ రోజు నీ ముఖం చూస్తూనే ఉన్నా. కానీ "ఒక్క బటన్" అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

138వ టర్న్ దగ్గర ఏం జరిగిందో గుర్తు చేస్తా. స్కార్మరీ అప్పటికే పడిపోయింది. నాకు మిగిలింది బ్లిస్సీ, గ్యారడాస్. నీకు స్టార్మీ, లుకారియో. బరిలో నా బ్లిస్సీ 270 హెచ్‌పీతో ఉంది, ఎదురుగా నీ స్టార్మీ. చూసేవాళ్లు ఎవరైనా ఏమనుకుంటారు? సాఫ్ట్‌బాయిల్డ్ నొక్కు, నిండిపో అనే. నా బొటనవేలు కూడా దాని మీదే ఉంది.

కానీ నువ్వు ఆ టర్న్‌లో స్టార్మీతో కొట్టవని నాకు అనిపించింది. స్టార్మీ బ్లిస్సీని ఏం చేయలేదు, ఆ సంగతి నీకూ తెలుసు. నేను నింపుకుంటానని అనుకుని లుకారియోను దించుతావు. దించితే నా పని అయిపోయినట్టే. లుకారియో క్లోజ్ కంబాట్ తగిలితే, డిఫెన్స్ మొత్తం పెంచినా 130 దాటని బ్లిస్సీ నిండా హెచ్‌పీ ఉన్నా బతకడం దాదాపు కుదరదు. నేను నింపుకుని, తర్వాత గ్యారడాస్‌ను దించితే, ఆ గ్యాప్‌లో నువ్వు దాడి బలం పెంచే స్వోర్డ్స్ డాన్స్ వేసుకునేవాడివి. అంతటితో ఆట నీది.

అందుకే పక్షవాతం తెప్పించే థండర్ వేవ్ నొక్కా. లుకారియో దిగీ దిగగానే దానికి తగిలింది. నాలుగో తరంలో పక్షవాతం వస్తే వేగం పావు వంతుకు పడిపోతుంది. 306 ఉన్నది 76 అయింది. తర్వాతి టర్న్‌లో గ్యారడాస్‌ను దించా. బరిలోకి దిగేవాటికి తగిలేలా నువ్వు పరిచిన స్టెల్త్ రాక్ రాళ్ల వల్ల దిగగానే పావు హెచ్‌పీ పోయింది. అయినా దాని ఇంటిమిడేట్ నీ దాడిని తగ్గించింది, క్లోజ్ కంబాట్ ఎగిరే రకం మీద సగమే పని చేసింది. ఆపైన వేగంలో గ్యారడాస్‌దే పైచేయి. ఒక్క ఎర్త్‌క్వేక్‌కు లుకారియో పోయింది.

తర్వాత స్టార్మీ థండర్‌బోల్ట్‌తో గ్యారడాస్‌ను లేపేసింది. అప్పుడు బ్లిస్సీ మళ్లీ దిగి మూడు సీస్మిక్ టాస్‌లు వేసింది. ఒక్కోదానికి సరిగ్గా 100. నీ స్టార్మీకి 261. అంతే.

అందరూ లుకారియోను పడగొట్టింది గ్యారడాస్ అంటారు. దానికి దారి వేసింది ఎవరు? మా పానగల్లు చెరువు కట్ట మీద నాట్లు వేయరు, వరి పండేది కింద మడిలోనే. కట్ట తెగితే మాత్రం మడి ఉండదు. బ్లిస్సీ నా టీమ్‌లో చేసే పని అది. నేను దాన్ని మూడేళ్లుగా ఆడుతున్నా. ఎప్పుడు నింపుకోవాలి, ఎప్పుడు తప్పుకోవాలి, ఎప్పుడు దెబ్బ తినడానికి సిద్ధపడాలి, ఇదంతా ఓడి ఓడి నేర్చుకున్నా.

మిర్యాలగూడ మిల్లు:

138వ టర్న్ బాగా ఆడావన్నా, ఒప్పుకుంటా. మరి 40 నుంచి 110 దాకా? ఆ డెబ్బై టర్న్‌లలో స్కార్మరీ స్పైక్స్ (దిగేవాటికి గుచ్చుకునే ముళ్లు) పరవడం, వర్ల్‌విండ్‌తో నావాటిని ఊదేయడం, బ్లిస్సీ నింపుకోవడం తప్ప ఏముంది?

ఇంకో మాట. ఆట తయారు చేసినవాళ్లకే ఇది ఎక్కువైందని అనిపించింది. 2022లో వచ్చిన స్కార్లెట్, వయొలెట్‌లలో సాఫ్ట్‌బాయిల్డ్, రికవర్, రూస్ట్ లాంటివి వాడుకునే లెక్కను సగానికి కోశారు. ఇంతకుముందు 16 సార్లు, ఇప్పుడు 8 సార్లే. వాళ్లే కోసినప్పుడు మనం ఎందుకు కోయకూడదు?

పిల్లలమర్రి:

పాలమూరు నుంచి రాస్తున్నా. నేను ఆడేది డబుల్స్, అంటే వీజీసీ. రెండు పక్కలా రెండేసి పోకెమాన్లు బరిలో ఉంటాయి. నా జట్టులో ఎప్పుడూ ఒక అమూంగస్ ఉంటుంది. అది పుట్టగొడుగు రూపంలో ఉండే పోకెమాన్. రేజ్ పౌడర్‌తో ఎదుటివాళ్ల దెబ్బలను తన మీదికి లాక్కుంటుంది, పక్కనున్నది ప్రశాంతంగా తన పని చేసుకుంటుంది. అమూంగస్ ఆటను సాగదీయదు, నిజానికి తొందరగా ముగిస్తుంది.

ఈ చర్చలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. సాయం చేసే పోకెమాన్ వేరు, సాగదీసే ఆట వేరు. 2014లో వాషింగ్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో కొరియాకు చెందిన సెజున్ పార్క్ గెలిచాడు. అతని జట్టులో పాచిరిసు ఉంది. బేస్ హెచ్‌పీ 60, బేస్ అటాక్ 45 ఉన్న చిన్న ఉడత. దాన్ని అంతకుముందు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఫాలో మీతో అది పెద్ద పెద్ద దెబ్బలు తన మీదికి తీసుకుని నిలబడింది, పక్కనున్నవి గెలిపించాయి. నేను ఈ ఆటలోకి వచ్చిందే ఆ వీడియో చూసి. దాడి చేయలేనిదానికి కూడా జట్టులో చోటుంటుందని అప్పుడే నమ్మకం కలిగింది. దయచేసి "డిఫెన్స్ పోకెమాన్ అంటే విసుగు" అని అందరినీ ఒకే గాటన కట్టొద్దు.

సమస్య టైమ్‌ది అయితే టైమ్‌కే రూల్ పెట్టండి. మా అధికారిక పోటీల్లో ఒక్కో ఆటగాడి చేతిలో మొత్తం 7 నిమిషాలే ఉంటాయి, ఆట మొత్తానికి 20 నిమిషాలు.

సాగర్ 26 గేట్లు:

అక్కా, టైమ్ రూల్ అంత సులువు కాదు. మీ పోటీల్లో 20 నిమిషాలు అయిపోతే ఎవరికి ఎక్కువ పోకెమాన్లు మిగిలితే వాళ్లే గెలిచినట్టు. అవి సమానమైతే హెచ్‌పీ శాతం చూస్తారు. అదే రూల్ ఇక్కడ పెడితే గోడ కట్టుకుని కూర్చున్నవాడికే లాభం. ఒక్కదాన్ని పడగొట్టి, ఆ తర్వాత బ్లిస్సీతో నింపుకుంటూ గడియారం చూస్తూ కూర్చుంటాడు. ఇప్పుడున్నదానికంటే అన్యాయం అవుతుంది.

పెడితే ఎవరి టైమ్ వాళ్లకే ఉండాలి, చెస్ గడియారంలా. ఎవరిది అయిపోతే వాళ్లు ఓడినట్టు.

అచ్చంపేట కూతగాడు:

కబడ్డీ మాట వచ్చింది కాబట్టి నేను మాట్లాడాలి. పదేళ్లు ఆడాను, కుడి కార్నర్‌లో. మిల్లు తమ్మీ, ఆ డూ ఆర్ డై రూల్ ఎవరి మీద పెట్టారో ఇంకోసారి చూడు. పాయింట్ తేలేకపోతే ఔటయ్యేది కూతగాడు. డిఫెండర్లు కాదు. గీత లోపల గట్టిగా నిలబడ్డారని వాళ్లను ఎవరూ బయటికి పంపరు. నువ్వు చెప్పిన ఉదాహరణ నీకే ఎదురు తిరిగింది. గోడను బద్దలు కొట్టాల్సిన బాధ్యత దాడి చేసేవాడిదే అని ఆ రూల్ చెబుతోంది.

పట్టు పట్టడానికి ఎంత ఓపిక కావాలో ఆడినవాళ్లకే తెలుసు. ముప్పై సెకన్లలో ఒక్క అర సెకను కోసం ఎదురుచూస్తాం. ముందు కదిలితే బోనస్ పోతుంది, ఆలస్యమైతే మనిషి జారిపోతాడు. దాన్ని ఖాళీగా నిలబడటం అంటే నాకు మనసు నొచ్చుకుంటుంది.

మిర్యాలగూడ మిల్లు:

అన్నా, కబడ్డీలో మీ మాటే కరెక్ట్. ఆ ఉదాహరణ వెనక్కి తీసుకుంటున్నా. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది. దేవరకొండ తమ్ముడు బస్సు కోసం ఫైనల్ వదిలేసి వెళ్లాడు. తప్పు ఎవరిదైనా, నష్టపోయింది అతనే.

పానగల్లు కట్ట:

అదే చెప్పబోతున్నా. అతని మాట నాకూ గుచ్చుకుంది. అందుకే రీప్లే మళ్లీ చూశా. ఎవరి మీదా నెపం వేయడానికి కాదు, నిజం తెలియాలని.

143 టర్న్‌లు, 70 నిమిషాలు. టర్న్‌కు సగటున అర నిమిషం. చాలా టర్న్‌లలో నేను మూడు నాలుగు సెకన్లలోనే నొక్కేశాను. స్కార్మరీ మీదికి ఏది వస్తుందో, బ్లిస్సీ మీదికి ఏది వస్తుందో మూడేళ్ల అలవాటు. తమ్మీ, నువ్వు ఎక్కువసేపు ఆలోచించావు. అది తప్పని అనడం లేదు. గోడ ముందు నిలబడ్డవాడు ఆలోచిస్తాడు, ఆలోచించాలి కూడా. కానీ ఆ 70 నిమిషాలూ బ్లిస్సీ ఖాతాలో వేయడం సరి కాదు.

40 నుంచి 110 దాకా ఏముందని అడిగావు. నీ జట్టులో మాగ్నెజోన్ లేదు. ఉంటే మాగ్నెట్ పుల్‌తో నా స్కార్మరీని కదలకుండా పట్టేసి థండర్‌బోల్ట్‌తో ముగించేవాడివి. అప్పుడు బ్లిస్సీ ఒంటరిదయ్యేది. నీ ఆరింటిలో స్పైక్స్ తీసేది ఒక్కటీ లేదు, స్టార్మీకి రాపిడ్ స్పిన్ నేర్పించలేదు. ఎవరి దగ్గరా టాంట్ లేదు. టాంట్ వేస్తే సాఫ్ట్‌బాయిల్డ్ నొక్కడానికే లేదు. వస్తువులు మార్చేసే ట్రిక్‌తో ఒక చాయిస్ స్కార్ఫ్ నా చేతిలో పెట్టి ఉంటే, బ్లిస్సీ ఒకే కదలికకు కట్టుబడిపోయేది. నాలుగైదు తాళం చెవులున్నాయి. ఆ డెబ్బై టర్న్‌లు అలా సాగింది నీ దగ్గర వాటిలో ఒక్కటీ లేకే.

ఈ మాట గర్వంతో చెప్పడం లేదు. బ్లిస్సీని తీసేస్తే రేపు ఈ తాళం చెవులు ఎవరూ నేర్చుకోరు. స్పిన్, టాంట్, ట్రిక్ అన్నీ జట్లలోంచి మాయమవుతాయి. ఆరు లుకారియోలు ఎదురెదురుగా నిలబడి ఎవరు ముందు కొడితే వాళ్లది అన్నట్టు తయారవుతుంది. ఆ ఆట నాకొద్దు.

సాగర్ 26 గేట్లు:

కట్ట అన్న చెప్పినదాంట్లో ఒకటి మాత్రం ఒప్పుకోను. కొత్తగా వచ్చేవాడికి టాంట్, మాగ్నెజోన్ అన్నీ తెలియవు. మొదటి ఆదివారమే 143 టర్న్‌ల గోడ ముందు పడితే మళ్లీ రాడు. వాడికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. గెలిచినవాళ్లే ఆట అయ్యాక పది నిమిషాలు కూర్చుని చూపిస్తే బాగుంటుంది.

పానగల్లు కట్ట:

ఒప్పుకున్నా. మిర్యాలగూడ తమ్ముడికి మొదట నేనే చూపిస్తా.

గడియారం సెంటర్:

అందరూ మనసు పెట్టి రాశారు, థాంక్స్. వచ్చే ఆదివారం నుంచి ఇలా పెడుతున్నా. బ్లిస్సీ ఉంటుంది, స్కార్మరీ ఉంటుంది. ఒక్కొక్కరికి మొత్తం 20 నిమిషాలు, ఎవరి టైమ్ వాళ్లది. ఫోన్‌లో చెస్ క్లాక్ యాప్ ఒకటి పక్కన పెట్టి నేనే చూసుకుంటా. టైమ్ అయిపోయినవాళ్లు ఓడినట్టు, హెచ్‌పీ శాతాలు లెక్కపెట్టేది లేదు. ఎంత సాగినా ఒక ఆట 40 నిమిషాలు దాటదు. మధ్యాహ్నం మూడుకు బదులు ఒంటి గంటకే మొదలుపెడదాం. దేవరకొండ తమ్ముడికి ఫోన్ చేశా. ఫైనల్ ఆడి వెళ్లే వీలుంటేనే వస్తానన్నాడు, ఉంటుందని మాటిచ్చా.

మిర్యాలగూడ మిల్లు:

సరే అన్నా, 20 నిమిషాలకు నేను రెడీ. కట్ట అన్నా, నీకు ముందే చెబుతున్నా. ఈసారి గెంగార్‌ను తెస్తున్నా. దెయ్యం రకం కాబట్టి నీ సీస్మిక్ టాస్ తగలదు, విషం రకం కాబట్టి టాక్సిక్ ఎక్కదు. సబ్‌స్టిట్యూట్ వెనక దాక్కుంటే థండర్ వేవ్ కూడా పడదు. టాంట్ నేర్పించా. స్టార్మీకి రాపిడ్ స్పిన్ కూడా పెట్టా.

పానగల్లు కట్ట:

రా తమ్మీ. పన్నెండున్నరకే వచ్చేయ్, ఆట మొదలయ్యే లోపు మాగ్నెజోన్ సంగతి కూడా చూపిస్తా.