ధ్రువాల మంచు నిజంగా పోతాందా, లేక మనల్ని బెదరగొడ్తాండారా?

బుడ్డలచేను (అనంతపురం):
2014లో అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు రెండు కోట్ల చదరపు కిలోమీటర్లు దాటింది. ఉపగ్రహాలు లెక్క పెట్టబట్టినాక అదే అన్నిటికంటే ఎక్కువ. ఆర్కిటిక్‌లో 2012 సెప్టెంబరులో 34 లక్షలకు పడింది, ఒప్పుకుంటా. మరి ఆ రికార్డు ఇంకా బద్దలు కాలేదే? ఎండలంటారా, మా జేజినాయన కాలంలోనూ కాసినాయి.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
అన్నా, రెండు అంకెలూ నిజమే. 2014 దగ్గరే ఎందుకు నిలబడినావు? అదే అంటార్కిటికాలో 2023 చలికాలంలో మంచు 1 కోటి 70 లక్షల దగ్గరే ఆగిపాయె. ఆర్కిటిక్ సంగతి ఇంకా గట్టిది. 1979 నుంచి 2024 దాకా ఉన్న లెక్కల్లో, సెప్టెంబరులో అతి తక్కువ మంచున్న 18 ఏళ్లు ఏవో తెలుసా? 2007 నుంచి 2024 దాకా, వరసగా అవే.

ఇంకోటి, మందం. చెరుకురసం బండి మీద ఐసుగడ్డ చూడు. పొద్దున గోనెపట్ట ఎత్తితే జానెడు మందం. మధ్యాహ్నానికి పట్ట పరుచుకున్న వెడల్పు అంతే, కింద చెయ్యి పెడితే రెండు వేళ్ల మందం. ఆర్కిటిక్‌లో ఏళ్ల తరబడి గట్టిపడిన ముదురు మంచు చాలావరకు పోయింది.

గండికోట (కడప):
తేలే మంచు కరిగితే సముద్రం పెరగదు కదా సామీ? గ్లాసులో వేసి చూసినా.

కొండారెడ్డి బురుజు:
పెద్దగా పెరగదు. పెంచేది నేల మీది మంచు. గ్రీన్‌లాండ్ ఏటా సుమారు 27 వేల కోట్ల టన్నులు పోగొట్టుకుంటాంది. భూమి లాగే బలంలో తేడాను బట్టి 2002 నుంచి జంట ఉపగ్రహాలు దీన్ని తూకం వేస్తాండాయి.

బుడ్డలచేను:
తూకమంటే సరే. మండీలో మూటల ఎత్తు చూసి ఎవడూ డబ్బులియ్యడు, కాటా చూసే. కానీ 2009లో తుంగభద్ర మీ ఊర్లోకి వచ్చిందానికీ ఇదే కారణమంటే మాత్రం నమ్మను.

కొండారెడ్డి బురుజు:
నేనూ అనను. మా ఇంట్లో అటక కింద ఆనాటి బురదగీత, ఎన్నిసార్లు సున్నం కొట్టినా పైకి తేలుతుంది. అయినా ఒక్క వరదను పట్టుకుని వాదిస్తే, 2014 ఒక్కదాన్నే పట్టుకున్న నీకూ నాకూ తేడా ఏముంది?

బుడ్డలచేను:
అబ్బా, తగిలించినావు. ఆ 18 ఏళ్ల లెక్క మల్లొకసారి చూసుకుంటా. కదిరి లేపాక్షి శెనక్కాయ విత్తనం తెచ్చి ఇంట్లో పెట్టినా, పదును లేదు. గండికోట తమ్ముడూ, మీ పక్క వాన పడిందా?