పీవీసీ ప్రొఫైల్ వంగిపోతోంది, డిజైన్‌లో ఏం మార్చాలి?

ప్రశ్న: కిటికీ ఛానల్ కోసం యూ ఆకారపు ప్రొఫైల్ (పొడవునా ఒకే ఆకారం ఉండే ప్లాస్టిక్ పట్టీ) గీశాను, అడుగు 3 మి.మీ., పక్క గోడలు 1.5 మి.మీ. డై (కరిగిన ప్లాస్టిక్‌ని తోసి ఆకారమిచ్చే అచ్చు) లోంచి తిన్నగానే వస్తోంది కానీ చల్లార్చే నీళ్ల తొట్టి దాటేసరికి అడుగు వైపుకి వంగుతోంది. డై మార్చాలా?

జవాబు 1: డై జోలికి వెళ్లకముందు డ్రాయింగ్ మార్చండి. పల్చటి గోడలు ముందే గట్టిపడతాయి, మందమైన అడుగు ఆలస్యంగా చల్లారుతూ కుంచించుకుపోయి మొత్తాన్ని తనవైపు లాగేస్తుంది. అంతా ఒకే మందం, 2 మి.మీ. పెట్టండి. బలం చాలకపోతే పల్చటి రిబ్ (గోడకి ఊతంగా ఉండే సన్నటి గట్టు) ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు: రిబ్ బదులు అడుగున మూసిన గది పెడితే?

జవాబు 2: తప్పదనుకుంటేనే పెట్టండి. డైలో మాండ్రెల్ (గది బోలుగా రావడానికి మధ్యలో పెట్టే దిమ్మ) కావాలి, ఖర్చు పెరుగుతుంది, పైగా లోపలి గోడకి కాలిబ్రేటర్ (చల్లారేటప్పుడు బయటి నుంచి ఆకారాన్ని పట్టి ఉంచే అచ్చు) తగలదు, నీళ్లూ తగలవు. అందుకే దాన్ని బయటి గోడకన్నా పల్చగా ఉంచాలి. లోపలి మూలలకి రేడియస్ (గుండ్రటి వంపు) మర్చిపోకండి, పగులు అక్కడే మొదలవుతుంది.