రక్కసి తంగడిలో రక్కసి ఎవరు?

ప్రశ్న: విజయనగరానికీ దక్కన్ సుల్తానులకీ జరిగిన తళ్ళికోట యుద్ధాన్ని మన చరిత్ర పుస్తకాల్లో 'రక్కసి తంగడి యుద్ధం' అని కూడా రాస్తారు కదా. కన్నడ నాటక రచయిత గిరీశ్ కర్నాడ్ ఆఖరి నాటకం పేరూ 'రాక్షస తంగడి' అట. ఈ రక్కసి ఎవరండీ? ఏదైనా స్థలపురాణం ఉందా?

జవాబు: రక్కసీ లేదు, పురాణమూ లేదండీ. రక్కసగి, తంగడగి అనేవి కృష్ణ ఒడ్డున, ఇప్పటి విజయపుర జిల్లాలో ఉన్న రెండు ఊళ్ళు. రెండూ కలిపి పలకగా పలకగా మన నోట్లో రక్కసి తంగడి అయింది. 1565 జనవరిలో పోరు జరిగింది ఆ చుట్టుపక్కలే. తళ్ళికోట సుల్తానుల సైన్యాలు కూడిన చోటు, అక్కడికి దూరం కూడా.

ఇలాంటి పేరు దొరికితే కర్నాడ్ వదులుతారా! ఆయనదే 'తలెదండ' చూడండి. మన చెవికి పుర్రెల మాలలా వినిపిస్తుంది గానీ, కన్నడంలో అది తల తీసే శిక్ష. మన 'దండుగ' కూడా మొదట జరిమానాయే, వృథా ఖర్చు అన్న అర్థం తర్వాత వచ్చి కూర్చుంది. పన్నెండో శతాబ్దపు కల్యాణ నగరంలో బసవన్న శరణులు, అంటే ఆయన వెంట నడిచిన శివభక్తులు, కులం దాటి పెళ్ళి చేస్తే ఊరు ఎలా తగలబడిందో ఆ నాటకం చెబుతుంది. మండల్ రిజర్వేషన్ల గొడవ, అయోధ్య మందిరం గొడవ రాజుకుంటున్న రోజుల్లో రాశారు. 1994లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కన్నడ పత్రికలు ఇప్పటికీ ఏ మంత్రి పదవి ఊడినా 'తలెదండ' అనే హెడ్డింగ్ పెడతాయి.

ఇంతా చేసి ఆయన ఇంటి భాష కొంకణి. ఇంగ్లీషు కవి కావాలని కలలు కన్న మనిషి. రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్ళబోతుంటే, కొడుకు తిరిగొస్తాడో రాడోనని ఇంట్లో ఒకటే టెన్షన్. ఆ గొడవలోనే 'యయాతి' కన్నడంలో ఊడిపడింది. తండ్రి కోసం కొడుకు యవ్వనం ధారపోసే కథ మరి! 1961లో అచ్చయింది. 1964లో 'తుగ్లక్', 1998లో జ్ఞానపీఠం. మనవాళ్ళకి మాత్రం 'ఆనందభైరవి'లో కూచిపూడి గురువుగానే ఎక్కువ గుర్తు.

ఇంకొకరు: మరి ఆ యుద్ధంలో విజయనగర సేనల్ని నడిపిన 'అళియ రామరాయలు'లో అళియ ఇంటిపేరా సార్?

జవాబు: కాదండీ, ఇంటిపేరు ఆరవీటి. అళియ అంటే కన్నడంలో అల్లుడు. కృష్ణరాయల అల్లుడు కాబట్టి ఆ పిలుపు. 2018లో వచ్చిన 'రాక్షస తంగడి' నాటకానికి కేంద్రం ఆయనే. పెత్తనమంతా ఆయనది, పేరుకి రాజు సదాశివరాయలు.

ఎదుటి పక్షంలో ఉన్న గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా ఒకప్పుడు ప్రాణభయంతో విజయనగరంలో ఏళ్ళ తరబడి తలదాచుకున్నవాడే. మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఆయన్నే. ఆ ప్రభువు కాలంలోనే పొన్నిగంటి తెలగన్న అచ్చతెలుగులో కావ్యం రాసి గోల్కొండ అధికారి అమీన్‌ఖానుకి అంకితమిచ్చాడు. ఆ కావ్యం ఏదనుకున్నారు? 'యయాతి చరిత్ర'! కర్నాడ్ మొదటి నాటకం యయాతి, ఆఖరిది మల్కిభరాముడు దిగిన యుద్ధం. కాకతాళీయమే అనుకోండి, ఈ గ్రూపులో చెప్పకుండా ఉండలేకపోయాను.