కారు మ్యాప్ మనమే రాసుకోవాలా, ట్యూనర్‌కే వదిలేయాలా?

ఫ్రిస్కో సుబారు:
నాది 2011 డబ్ల్యూఆర్‌ఎక్స్, 2.5 లీటర్ల టర్బో. కంపెనీ లెక్క 265 హార్స్‌పవర్. పోయిన నెల ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్ళే గొట్టం) మార్చాను కాబట్టి ఈసీయూని, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌ని, దానికి తగ్గట్టు ట్యూన్ చేయాలి. ఈమెయిల్లో మ్యాపులు (ఈసీయూలోకి ఎక్కించే సెట్టింగుల టేబుళ్ళు) పంపే ట్యూనర్ ఒకాయన 400 డాలర్లు అడుగుతున్నారు. ఆ డబ్బుకి ఈసీయూని ల్యాప్‌టాప్‌కి కలిపే టాక్‌ట్రిక్స్ కేబుల్, గాలి-పెట్రోల్ పాళ్ళు కొలిచే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ రెండూ దాదాపు వచ్చేస్తాయి. మ్యాపులు దిద్ది ఎక్కించే సాఫ్ట్‌వేర్లు రోమ్‌రైడర్, ఈసీయూఫ్లాష్ ఎలాగూ ఉచితమే. నేను చేసేది డేటా ఇంజినీరింగ్, పొద్దున లేస్తే టేబుళ్ళతోనే బతుకు. ఈసీయూలో ఉండేవీ టేబుళ్ళే కదా? సొంతంగా నేర్చుకోవచ్చా, లేక ఇది పిచ్చిపనా? తిట్టేవాళ్ళు కారణం చెప్పి తిట్టండి.

డెట్రాయిట్ తమ్ముడు:
వద్దన్నా. కారణం అడిగావు కాబట్టి చెప్తున్నా. నాదీ అదే ఇంజిన్. నేనూ నీలాగే మొదలుపెట్టా. టైమింగ్ (స్పార్క్ ఎంత ముందు పడాలన్నది) రెండు డిగ్రీలు పెంచితే కారుకి రెక్కలొచ్చినట్టు అనిపించింది. ఎండాకాలంలో ఒకరోజు హైవే మీద ఐదో గేర్‌లో, తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఉండగా పెడల్ కిందిదాకా తొక్కాను. శబ్దం రాలేదు, లైటు వెలగలేదు. వారం తర్వాత సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ ఊగడం మొదలైంది. విప్పి చూస్తే నాలుగో సిలిండర్‌లో పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగి ఉంది. బిల్లు 6,800 డాలర్లు. ట్యూనర్‌కి ఇవ్వాల్సిన 400 మిగిలాయని మా ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

ఆటోనగర్ బాబాయ్:
బెజవాడలో ముప్పై ఏళ్ళ నుంచి ఇదే పని. కార్బురేటర్ మారుతీ 800లకి డిస్ట్రిబ్యూటర్ చేత్తో తిప్పి, చెవితో విని టైమింగ్ పెట్టినవాణ్ణి. ప్లగ్ విప్పి రంగు చూస్తే పెట్రోల్ ఎక్కువైందో తక్కువైందో చెప్పేసేవాళ్ళం. మాకు ఎవడూ క్లాసు పెట్టలేదు. పాడుచేశాం, తిట్లు తిన్నాం, నేర్చుకున్నాం. 400 డాలర్లు అడిగే ఆ ట్యూనర్ మాత్రం అమ్మ కడుపులో నేర్చుకుని వచ్చాడా? వాడూ ఎవడి ఇంజినో పాడుచేసే నేర్చుకుని ఉంటాడు. నేర్చుకోనీయండి అబ్బాయిని.

కాలిబ్రేషన్ కూలీ:
బాబాయ్, ఒక్క తేడా ఉంది. మీరు టైమింగ్ తప్పు పెడితే మారుతీ దగ్గేది, మీరు వినేవారు, మళ్ళీ తిప్పేవారు. టర్బో ఇంజిన్ బూస్ట్‌లో ఉన్నప్పుడు, అంటే టర్బో గాలిని ఒత్తి పంపేటప్పుడు, ఏసీ, పాటలు, టైర్ల హోరు మధ్య నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడం) వినబడదు. తమ్ముడికి అదే జరిగింది.

బెంగళూరులో నా ఉద్యోగమే ఇది. మేం ఒక్క మోడల్ కోసం ఎండకి రాజస్థాన్, చలికి లద్దాఖ్ తిరుగుతాం. ఇప్పటి ఈసీయూలో మార్చగల విలువలు పదుల వేలల్లో ఉంటాయి. అలాగని ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదని నేననను. ఏ టేబుల్ ముట్టుకుంటున్నారన్నదే లెక్క.

ఫ్రిస్కో గారూ, మీరు ఇన్‌టేక్ మార్చారు. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఇచ్చే వోల్టేజ్‌ని ఈసీయూ సెకనుకి ఇన్ని గ్రాముల గాలి అని ఒక టేబుల్‌లో చదువుకుంటుంది. గొట్టం వెడల్పు మారితే అదే వోల్టేజ్ దగ్గర పోయే గాలి మారుతుంది, టేబుల్ మాత్రం పాతదే. మామూలుగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ తనే సరిచేసుకుంటుంది. దాని గురి ఒక పాలు అచ్చమైన పెట్రోల్‌కి గాలి 14.7 పాళ్ళు, మీ దగ్గర దొరికే 10 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి 14.1 దగ్గర. ఆ సరిచేసిన శాతాలే ఫ్యూయల్ ట్రిమ్స్. ఒక వోల్టేజ్ దగ్గర ట్రిమ్ 8 శాతం ప్లస్ చూపిస్తే, ఆ గడిలో గాలి విలువ 8 శాతం పెంచండి. ఈ భాగంలో చేయి కాస్త తప్పినా ఇంజిన్ చావదు, కొంచెం కుంటుతుందంతే. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

బూస్ట్ కథ వేరు. అక్కడ ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ మాట వినదు, టేబుల్‌లో ఏముంటే అదే పోస్తుంది. గాలి నిష్పత్తి 11 దగ్గరకి దించుతారు, ఆ అదనపు పెట్రోల్ సగం చల్లబరచడానికే. ఇక టైమింగ్. స్పార్క్ ముందుకి జరిపేకొద్దీ టార్క్ పెరుగుతుంది, ఒక హద్దు దాటితే తగ్గుతుంది. బంకు పెట్రోల్‌తో టర్బో బండికి ఆ హద్దు కన్నా ముందే నాకింగ్ వచ్చేస్తుంది. కాబట్టి "ఇంకో డిగ్రీ" అన్నప్పుడల్లా బండి బాగానే ఉంటుంది, బాగానే ఉంటుంది, ఒకరోజు ఉండదు. మీ ఆఫీసులో టేబుల్ చెడితే రాత్రి బ్యాకప్ నుంచి తెచ్చుకుంటారు. పిస్టన్‌కి ఆ సదుపాయం లేదు.

పోలో జీటీ హైదరాబాద్:
"నిపుణుడికి వదిలేయండి" అనేవాళ్ళకి నా అనుభవం. నాది 2016 పోలో జీటీ, 1.2 టీఎస్‌ఐ. ఒరిజినల్‌గా 105 హార్స్‌పవర్, 175 న్యూటన్ మీటర్లు. సిటీలో ఒక షాపులో స్టేజ్ వన్ (పార్టులు మార్చకుండా మ్యాప్ మాత్రమే మార్చే ట్యూన్) చేయించా. ముందు లాగ్ (బండి నడిచేటప్పుడు ఈసీయూ రీడింగుల రికార్డు) తీయలేదు, తర్వాతా తీయలేదు. "91 ఆక్టేన్ ఫైల్ సార్, ధైర్యంగా కొట్టించండి" అన్నాడు. నేను మామూలు 91 పెట్రోల్ కొట్టించా. రెండు వారాలు నరకం. పికప్ వస్తుంది, పోతుంది. తర్వాత తెలిసింది, అది ఏదో అమెరికా బండికి రాసిన మ్యాప్‌ని అటూ ఇటూ మార్చి ఎక్కించాడని. ఇంకొకటి, దీని డ్రై క్లచ్ డీఎస్‌జీ గేర్‌బాక్స్ తట్టుకునేదే 250 న్యూటన్ మీటర్లు. ఎంత టార్క్ పెంచాడని అడిగితే "ఫీలవుతారు సార్" అన్నాడు.

కాలిబ్రేషన్ కూలీ:
ఇందులో పడేవాళ్ళు చాలామందే. ఆక్టేన్ అంటే పెట్రోల్ నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందన్న లెక్క. దాన్ని కొలిచే పద్ధతులు రెండు: రాన్, ఇంకా కఠినమైన మాన్. మన బంకుల్లో రాసేది రాన్. అమెరికా బంకు మీద రాసేది రెండిటి సగటు. అక్కడి 91 అంటే మన లెక్కలో 95 పైనే. అక్కడి 93 దాదాపు 98. మన 91ని అక్కడికి తీసుకెళ్తే వాళ్ళ 87 దగ్గరకొస్తుంది, అంటే వాళ్ళ మామూలు పెట్రోల్. మీ బండి ఈసీయూ పాపం టైమింగ్ వెనక్కి లాక్కుని మీ ఇంజిన్ కాపాడింది. ఆ పికప్ పోవడమే దాని మొర.

ఇర్వైన్ పెద్దాయన:
సాంకేతికం మీరు చూసుకోండి, చట్టం కూడా ఒకసారి చూసుకోండి. మా కాలిఫోర్నియాలో 2021 జూలై నుంచి స్మాగ్ చెక్‌లో (బండి పొగ పరీక్షలో) ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చారా అన్నది కూడా చూస్తున్నారు. అనుమతి లేని ట్యూన్ ఉంటే ఫెయిల్. 2024లో ట్యూనింగ్ సరుకు అమ్మే కాబ్ ట్యూనింగ్ అంతటి సంస్థ కూడా అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏకి 29 లక్షల డాలర్ల పైన జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. ఇండియాలోనైతే బండిలో మార్పులకి హద్దులు పెట్టే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. ఇన్సూరెన్స్ వాడికి చెప్పకుండా చేస్తే క్లెయిమ్ రోజున తెలుస్తుంది.

ఫ్రిస్కో సుబారు:
పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి నేను పోను సార్. మా కౌంటీలోనూ ఎమిషన్ టెస్ట్ ఉంది. అయితే కూలీ గారి మాట ప్రకారం ఎయిర్‌ఫ్లో టేబుల్ వరకు నేనే చేసి, టైమింగ్‌కి ఎవరికైనా డబ్బివ్వడం సబబుగానే ఉంది.

డెట్రాయిట్ తమ్ముడు:
అక్కడ ఆగవన్నా! అదే నా బాధ. నేనూ ఎయిర్‌ఫ్లో టేబుల్‌తోనే మొదలుపెట్టా. అది సరిగ్గా వచ్చింది, ఐడిల్ గడియారంలా తయారైంది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. పక్క ట్యాబ్‌లోనే టైమింగ్ టేబుల్ కనబడుతూ ఉంటుంది. కూలీ అన్నకి ఆఫీసులో పైన మేనేజరున్నాడు, రివ్యూ ఉంది. గరాజ్‌లో రాత్రి పదకొండింటికి మనకెవరున్నారు?

కాలిబ్రేషన్ కూలీ:
తమ్ముడి మాట నిజం, ఒప్పుకుంటున్నా. మా దగ్గర నేను మార్చిన విలువ ఇంకొకరు చూడనిదే బండిలోకి పోదు. కాబట్టి ఫ్రిస్కో గారూ, ముందు వారంపాటు ఏమీ రాయొద్దు. కేబుల్ పెట్టి లాగ్ తీసి ఇక్కడ పెట్టండి. ట్రిమ్స్, డైనమిక్ అడ్వాన్స్ మల్టిప్లయర్ (టైమింగ్‌ని ఈసీయూ ఎంతమేర ముందుకి జరపనిస్తోందో చెప్పే అంకె), నాక్ లెర్నింగ్ (నాకింగ్ విని ఏ గడిలో టైమింగ్ ఎన్ని డిగ్రీలు తగ్గించిందో), మూడూ కావాలి. ఆ మల్టిప్లయర్ 1 కన్నా తగ్గిందంటే ఈసీయూకి మీ పెట్రోల్ మీదో మ్యాప్ మీదో నమ్మకం పోయినట్టు.

ఆటోనగర్ బాబాయ్:
ఈ లాగ్ అంటే మా ప్లగ్ రంగే కదా. సరే, అందరం చూస్తాం. పెట్టు అబ్బాయ్.

ఫ్రిస్కో సుబారు:
తొమ్మిది రోజుల లాగ్ ఇదిగో. 1.8 వోల్టుల దగ్గర ట్రిమ్ ప్లస్ 9, 2.2 దగ్గర ప్లస్ 6. మల్టిప్లయర్ 1. నాక్ లెర్నింగ్ అంతటా సున్నా, ఒక్క గడిలో మాత్రం మైనస్ 1.4. ఇంతవరకు ఏమీ రాయలేదు, ఒట్టు.

కాలిబ్రేషన్ కూలీ:
ట్రిమ్స్ అనుకున్నట్టే ఉన్నాయి, ఆ గడులు పెంచుకోవచ్చు. ఆ మైనస్ 1.4 చప్పుడు వల్ల వచ్చిన తప్పుడు రీడింగ్ కావచ్చు. ఎప్పుడొచ్చింది?

ఫ్రిస్కో సుబారు:
2,400 ఆర్‌పీఎమ్. ఫ్లైఓవర్ ఎక్కుతున్నాను, ఐదో గేర్.

డెట్రాయిట్ తమ్ముడు:
అన్నా, అది తప్పుడు రీడింగ్ అయినా సరే, నా ఇంజిన్ పోయింది అచ్చం అక్కడే. ఫ్లైఓవర్ వస్తే నాలుగులోకి దిగి ఎక్కు. ఈ వారం అలా నడిపి మళ్ళీ లాగ్ పెట్టు, నేను చూస్తా.