షెరీఫ్‌గా చేసి అమెరికా కాంగ్రెస్‌కి వెళ్లిన రైకర్ట్ ఎవరు? (ఇస్సాక్వాకి కొత్త)

ఇస్సాక్వా కొత్త కాపురం:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి వచ్చి ఈమధ్యే వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ దగ్గర ఇస్సాక్వాలో అద్దెకు దిగాం. నాది హెచ్‌1బి ఉద్యోగ వీసా, మా ఆవిడకీ పాపకీ దాని మీద వచ్చే హెచ్‌4. ఆఫీసులో లంచ్ దగ్గర ఇద్దరు డేవ్ రైకర్ట్ అనే ఆయన గురించి గట్టిగా వాదించుకున్నారు. ఒకరు హంతకుణ్ణి పట్టుకున్న షెరీఫ్ (జిల్లా లాంటి కౌంటీకి పోలీసు పెద్ద) అంటారు, ఇంకొకరు ట్యాక్స్ బిల్లుకి ఓటేశాడని తిడతారు. నాకు తలాతోకా తెలియలేదు. పోలీసాయన కాంగ్రెస్‌కి, అంటే ఇక్కడి పార్లమెంటుకి, ఎలా వెళ్లాడు? ఇప్పుడు మా మెంబరు ఆయనేనా?

రెడ్‌మండ్ పాత కాపు:
తమ్ముడూ, ఆయన కాదు. 2005 జనవరి నుంచి 2019 జనవరి దాకా ఎనిమిదో డిస్ట్రిక్ట్ (నియోజకవర్గం) మెంబరు, రిపబ్లికన్. 2018లో మళ్లీ నిలబడలేదు. ఆ సీటు పిల్లల డాక్టరు కిమ్ ష్రియర్ గెలిచింది. ఆ డిస్ట్రిక్ట్ పుట్టాక డెమోక్రాట్లు గెలవడం అదే మొదలు. 2024లో రైకర్ట్ గవర్నర్ పదవికి నిలబడి బాబ్ ఫెర్గూసన్ చేతిలో ఓడిపోయాడు. మీ ఆఫీసువాళ్లు ఇంకా కొట్టుకుంటున్నారంటే అందుకే.

ఇక్కడ షెరీఫ్‌ని చాలా కౌంటీల్లో జనమే ఎన్నుకుంటారు. పోస్టర్లు, చందాలు, డిబేట్లు అన్నీ ఉంటాయి. అలా గెలిచినవాడికి కాంగ్రెస్ పెద్ద దూరం కాదు. రైకర్ట్ 1972లో కింగ్ కౌంటీలో డిప్యూటీగా చేరి, 1997లో షెరీఫ్ అయ్యాడు. 1982లో కెంట్ దగ్గర గ్రీన్ రివర్‌లో ఆడవాళ్ల శవాలు దొరకడం మొదలైనప్పటి నుంచి ఆ కేసులో ఉన్న డిటెక్టివ్ ఆయన. 2001 నవంబర్‌లో ఆ హంతకుడు గ్యారీ రిడ్జ్‌వే అరెస్టయ్యాడు. 2003లో 48 హత్యలు ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాదే ఈయన కాంగ్రెస్‌కి గెలిచాడు. ఎలా గెలిచాడో వేరే చెప్పాలా?

వరంగల్ అన్న, కెంట్:
పట్టుకున్నది రైకర్ట్ కాదు, డీఎన్‌ఏ. రెంటన్‌లో ట్రక్కులకు రంగులేసే ఆ రిడ్జ్‌వే మీద పోలీసులకి మొదట్నుంచీ అనుమానం ఉంది. 1987లోనే వారంట్ తీసుకుని, గాజుగుడ్డ ముక్క నమిలించి లాలాజలం శాంపిల్ దాచారు. అప్పటికి దాన్ని పరీక్షించే టెక్నిక్ లేదు. వదిలేశారు. ఆ ముక్కే 2001లో పట్టించింది. ఎన్నికల్లో మాత్రం మొత్తం క్రెడిట్ ఒక్కడి ఖాతాలో పడింది.

రెడ్‌మండ్ పాత కాపు:
అన్నా, ఆ ముక్కని అన్నేళ్లు జాగ్రత్తగా ఉంచిందెవరు? షెరీఫ్ ఆఫీసే కదా. పాత శాంపిళ్లని మళ్లీ ల్యాబ్‌కి పంపింది ఈయన షెరీఫ్‌గా ఉన్నప్పుడే.

సమామిష్ అక్క:
షెరీఫ్ మాట వచ్చింది కాబట్టి, తమ్ముడు అడగకపోయినా చెబుతున్నా. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లందరూ చదవండి. రెంటన్‌లో ఉన్నప్పుడు మా ఇంటి ఓనరుకి బ్యాంకు గొడవ వల్ల అద్దె ఆలస్యమైంది. మావారు ఇండియాలో ఉన్నారు, నేనూ ఇద్దరు చిన్నపిల్లలూ. శుక్రవారం రాత్రి ఓనరు మెసేజ్: "రేపు షెరీఫ్‌ని పిలిచి మీ సామాన్లు రోడ్డు మీద పెట్టిస్తా." నాకు ఎంత టెన్షనో! ఆవకాయ జాడీతో సహా సర్దడం మొదలుపెట్టా. పక్కింటి పెద్దావిడ వచ్చి ఆ మెసేజ్ చదివి నవ్వింది. ఇక్కడ షెరీఫ్ ఓనరు పిలిస్తే వచ్చే మనిషి కాదట. ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, తర్వాత కోర్టులో కేసు, జడ్జి ఆర్డరు, ఆ ఆర్డరు షెరీఫ్ ఆఫీసుకి చేరాలి, వాళ్లొచ్చి తలుపుకి కాగితం అంటించాలి. అప్పుడే ఖాళీ చేయించేది. తాళాలు మార్చే హక్కు కూడా ఓనరుకి లేదు. అదంతా మెయిల్లో రాసి పంపితే పెద్దమనిషి సోమవారం దాకా మాట్లాడలేదు. అద్దె కట్టేశాం. కానీ ఖాళీ చేసేటప్పుడు కక్ష తీర్చుకున్నాడు. స్టవ్ పక్కన తెల్ల కౌంటర్ మీద చిటికెన వేలంత పసుపు మరక చూపించి డిపాజిట్‌లో సగం కోసేశాడు. దిగే రోజే ప్రతి గదీ వీడియో తీసి పెట్టుకోండి. నోటీసు అప్పట్లో మూడు రోజులు, 2019 నుంచి అద్దె బాకీకి 14 రోజులు. డిపాజిట్ లెక్క 21 రోజుల్లో ఇవ్వాలి.

బెల్‌వ్యూ లెక్కలాయన:
21 పాతది అక్కా, 2023 నుంచి 30 రోజులు.

సభలో రైకర్ట్ వేసిన ఓట్ల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా. ఈ మనిషి ఏ గాటన కట్టినా కుదరడు. 2005లో ఫ్లోరిడాలో ఏళ్లుగా స్పృహలేని ఒకామెకి ఆహారం గొట్టం తీయకూడదని కాంగ్రెస్ అర్ధరాత్రి బిల్లు తెచ్చింది. వ్యతిరేకించిన ఐదుగురు రిపబ్లికన్లలో ఈయన ఒకడు. 2009లో కర్బన ఉద్గారాలకు పరిమితి పెట్టే బిల్లు 219-212తో గట్టెక్కితే, దానికి ఓటేసిన రిపబ్లికన్లు ఎనిమిది మంది, అందులోనూ ఉన్నాడు. 2010లో స్వలింగ సంపర్కులు సైన్యంలో బాహాటంగా పనిచేయడానికి ఒప్పుకున్నాడు. అదే ఏడాది ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం ఒబామాకేర్‌కి మాత్రం వద్దన్నాడు. ఏడేళ్ల తర్వాత ఒబామాకేర్‌ని తీసేసే బిల్లు వస్తే దానికీ వద్దన్నాడు!

వరంగల్ అన్న, కెంట్:
అది సూత్రం కాదు, భయం. 2006లో ఒక మాజీ మైక్రోసాఫ్ట్ ఆవిడ మీద బొటాబొటిగా గెలిచాడు, 2008లో మళ్లీ ఆవిడే. బెల్‌వ్యూ జనం ఎటు ఊగితే అటు. 2017లో టౌన్‌హాల్ (జనంతో ముఖాముఖి సభ) పెట్టమని జనం గోల చేస్తే ఫేస్‌బుక్ లైవ్‌తో సరిపెట్టాడు. ఒబామాకేర్‌ని తీసేసే ఆ బిల్లుకి మేలో వద్దన్నవాడు అదే ఏడాది డిసెంబర్‌లో ట్యాక్స్ బిల్లుకి ఓటేశాడు. ఇన్సూరెన్స్ లేనివాళ్ల ఫైన్‌ని సున్నా చేసింది ఆ బిల్లే. ముందు తలుపు మూసి వెనక తలుపు తీసినట్టు.

రెడ్‌మండ్ పాత కాపు:
డిస్ట్రిక్ట్ మాట వినడం తప్పా? 2012లో డిస్ట్రిక్ట్ హద్దులు మారి బెల్‌వ్యూలో చాలా భాగం పోయి, పర్వతాల అవతల వెనాచీ, ఎలెన్స్‌బర్గ్ వచ్చి కలిశాయి. అయినా 2014లో ఆల్పైన్ లేక్స్ అడవికి ఇంకో 22,000 ఎకరాలు కలిపే బిల్లుని సభలో మోసింది ఈయనే. స్నోక్వాల్మీ దగ్గర హైకింగ్‌కి వెళ్లి ఫొటోలు పెట్టే మనవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాలి.

బెల్‌వ్యూ లెక్కలాయన:
ఆ ట్యాక్స్ బిల్లు మన ఇళ్లలోకి వచ్చింది, అది చెప్పనివ్వండి. రైకర్ట్ దాన్ని రాసిన వేస్ అండ్ మీన్స్ కమిటీ (సభలో పన్నుల సంగతి చూసే కమిటీ) మనిషి. ప్రాపర్టీ ట్యాక్స్, సేల్స్ ట్యాక్స్ కలిపి 10,000 డాలర్లకి మించి మినహాయింపు లేకుండా పోయింది. మొన్న 2025 చట్టంలో 40,000కి పెంచారు. హెచ్‌4 పిల్లల సంగతి ఇంకా ఘోరం. అంతకుముందు ఐటిఐఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు రానివాళ్లకిచ్చే పన్ను నంబరు) ఉన్న పిల్లలకీ చైల్డ్ క్రెడిట్, అంటే పిల్లల పేరు మీద పన్నులో తగ్గింపు, వచ్చేది. 2018 నుంచి పిల్లలకి సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాల్సిందే, లేకపోతే 500 డాలర్ల క్రెడిట్‌తో సరి. తమ్ముడూ, మీ పాపకి కూడా అంతే.

ఇస్సాక్వా కొత్త కాపురం:
అయ్యో, ఆ క్రెడిట్ నమ్ముకునే బడ్జెట్ వేసుకున్నా! ఓటు లేని నేను మెంబరు ఆఫీసుకి రాయొచ్చా? మా ఆవిడ వర్క్ పర్మిట్ ఇంకా రాలేదు.

సమామిష్ అక్క:
భేషుగ్గా రాయొచ్చు. డిస్ట్రిక్ట్‌లో ఉంటే చాలు, పౌరసత్వం అడగరు. హౌస్ వెబ్‌సైట్‌లో మీ అడ్రస్ కొట్టి మీ మెంబరు ఎవరో చూసుకుని, మీ ఫైలు చూడ్డానికి వాళ్లకి అనుమతిచ్చే ప్రైవసీ ఫారం మీద సంతకం చేసి వర్క్ పర్మిట్ దరఖాస్తు రసీదు నంబరు పంపండి. మామూలు ప్రాసెసింగ్ టైం దాటిందో లేదో ముందు చూసుకోండి, దాటకపోతే వాళ్లు ఆగమంటారు.

వరంగల్ అన్న, కెంట్:
చందా మాత్రం ఇవ్వకు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా చట్టం ఒప్పుకోదు. డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్ దగ్గర ఓటరు రిజిస్ట్రేషన్ అని అడిగితే వద్దను. పొరపాటున సిటిజన్ అని టిక్ పెట్టావంటే దేశం నుంచి పంపించేయొచ్చు.

రెడ్‌మండ్ పాత కాపు:
అక్కా, పసుపు మరకకి సగం డిపాజిట్టా? చిన్న మొత్తాల తగాదాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకి వెళ్లాల్సింది.

సమామిష్ అక్క:
వెళ్లాను. ఆ కథ ఇంకో థ్రెడ్‌లో రాస్తా, మావారు చదవకుండా చూడాలి.