నలుగురికీ ఒకే ప్లేటు: పునుగులా, కట్ మిర్చా?

బెంజిసర్కిల్ నాన్న: మావాడు టెన్త్. ట్యూషన్ అయ్యాక నలుగురు స్నేహితులూ బండి దగ్గర ఒకే ప్లేటు తీసుకుని తింటారు. ఎవరి ప్లేటు వాళ్లు తీసుకోండిరా అని డబ్బులు ఎక్కువిచ్చినా వినడు, మజా ఉండదంటాడు. ఇప్పుడు వాళ్లలో రెండు పార్టీలు: పునుగులు, కట్ మిర్చి. మీ ఓటు దేనికి?

గోదారిగట్టు: ఇంకా అడగాలా అండి? పునుగులే. పులిసిన పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర పడితే చాలు. పైన కరకర, లోపల మెత్తన, పక్కన పల్లీ చట్నీ. చట్నీ మళ్లీ వేయమంటే బండాయన విసుక్కుంటూనే వేస్తాడు. కుర్రాళ్ల జేబుకి అంతకంటే ఏం కావాలి?

శనగపిండి: నాది కట్ మిర్చి. పునుగులతో చిక్కేంటంటే అవి లెక్కకొస్తాయి. ప్లేట్లో పది ఉంటే మనిషికి రెండేసి, మిగిలిన రెండూ ఎవరివి? అక్కడే మొదలవుతుంది పంచాయితీ. కట్ మిర్చికి ఆ బాధ లేదు. సగం వేగిన బజ్జీని తీసి, చక్రాల్లా కోసి, మళ్లీ నూనెలో వేస్తాడు. అంచులన్నీ ఎర్రగా కరకరలాడాక ఉల్లిపాయ ముక్కలు, కారం చల్లి, నిమ్మకాయ పిండుతాడు. ఎవడు ఎన్ని తిన్నాడో దేవుడికి కూడా తెలీదు. కారం నషాళానికి అంటితే నీళ్ల సీసా కోసం నలుగురూ కొట్టుకోవాల్సిందే. ఆ అల్లరే కదండీ జట్టంటే!

ముక్కుసూటి: లెక్క తెలియకపోవడమే అసలు సమస్య అన్నా. మా బ్యాచ్‌లో ఒకడుండేవాడు, రోజూ "రేపిస్తా మామా". డబ్బులు పెట్టినవాడు ఉల్లిపాయలు ఏరుకునేలోపు వాడు మిర్చి మొత్తం ఖాళీ చేసేవాడు. పునుగులైతే కనీసం దొంగ దొరుకుతాడు.

డైటమ్మ: ఏది తిన్నా నూనె చూడండి బాబూ. పదే పదే కాగిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అనే చెడు పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జులై నుంచి రూల్ పెట్టింది. బండి దగ్గర కొలిచేదెవరు? నూనె నల్లగా, చిక్కగా ఉండి నురగ కడుతుంటే అక్కడ తినొద్దని చెప్పండి. న్యూస్‌పేపర్లో పొట్లం కడితే అస్సలు వద్దు, ఆ సిరా తిండికి అంటుతుంది.

గోదారిగట్టు: నూనె సంగతి ఒప్పుకుంటా అమ్మా. కానీ కట్ మిర్చి రెండుసార్లు వేగుతుంది, గమనించారా? ఇంకో పాయింట్ నాకే.

శనగపిండి: మీ పునుగు పీల్చే నూనె మాటేంటి? చేత్తో నొక్కి చూడండి. నాన్నగారూ, మావాళ్లయితే పునుగుల మీదే కట్ మిర్చి వేయించుకునేవాళ్లు. మీవాడికి ఆ మాట చెప్పి చూడండి.

ముక్కుసూటి: ముందు డబ్బులు ఎవడిస్తున్నాడో కనుక్కోండి. మీవాడే అయితే ఓటు కూడా వాడిదే.